పెళ్లయితే మారతాడా?

ప్రశ్న: నా వయసు 28. హన్మకొండలో ప్రైవేటు ఉద్యోగం. నాలుగేళ్లుగా ఒకతన్ని ప్రేమిస్తున్నాను. నలుగురిలో చాలా మంచివాడు. నా దగ్గరికొచ్చేసరికి ప్రతి తప్పూ నాదే. చిన్న మాటకే రోజుల తరబడి మాట్లాడడు. మళ్లీ తనే వచ్చి భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి బతిమాలతాడు. వీడియోలు చూస్తే, తనే గొప్పనుకుని ఎదుటివాళ్ల బాధ పట్టని నార్సిసిస్టేమో అనిపిస్తోంది. వదులుకోలేకపోతున్నా. నెల రోజులుగా నిద్ర లేదు.

జవాబు: మీరు రాసినదంతా ఆయన గురించే, మీ నిద్ర గురించి ఒక్క మాటే ఉంది. నాకు ముఖ్యమైనది ఆ మాటే.

నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అనే వ్యక్తిత్వ సమస్య ఉందని నిర్ధారించాలంటే 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి. అవీ ఒక్క మీ దగ్గరే కాదు, యౌవనం నుంచీ పలు సందర్భాల్లో కనిపించాలి. మనిషిని చూడకుండా నేను ఆ పేరు పెట్టలేను. దాన్ని నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు. చాలాకాలం కౌన్సెలింగ్ కావాలి, దానికి ఆయనే ఇష్టపడి రావాలి. అయినా మీరు నిర్ణయం తీసుకోవడానికి ఆయన జబ్బు పేరు తేలనక్కర్లేదు.

వదులుకోలేకపోవడం మీ బలహీనత కాదు. రోజూ దొరికే ఆప్యాయత కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని దాని కోసమే మెదడు ఎక్కువగా ఎదురుచూస్తుంది. పేకాటలో అప్పుడప్పుడు గెలిచేవాడే ఆట మానలేడు. మూడు రోజుల మౌనం తర్వాత వచ్చే ఆ చెరువు కట్ట సాయంత్రం కూడా అలాంటిదే. పెళ్లయితే మారతాడనుకుని, ఇద్దరు పిల్లలయ్యాక నా దగ్గరికి వచ్చి ఏడ్చిన ఆడవాళ్లు ఉన్నారు. మీకింకా పెళ్లి కాలేదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నా.

ముందు ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పండి. తర్వాత ఈ బంధం ఇక వద్దని ఆయనకు క్లుప్తంగా చెప్పి, నంబర్ బ్లాక్ చేయండి. వాదనకు దిగితే తప్పు మళ్లీ మీదే అవుతుంది. మొదటి కొన్ని వారాలు చాలా కష్టం, రాత్రిళ్లు చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి. చచ్చిపోతానని బెదిరిస్తే వెంటనే వాళ్లింట్లో వాళ్లకు, 112కు చెప్పండి. ఓదార్చడానికని మీరు వెళ్లకండి. ఫొటోలు బయటపెడతానంటే మెసేజ్‌లు డిలీట్ చేయకుండా పోలీసుల షీ టీమ్స్‌కు చూపించండి. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

నెల రోజులు నిద్ర లేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నాయేమో చూడాలి, థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో, దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గరో చూపించుకోండి. వెళ్లేటప్పుడు మీ విషయం తెలిసినవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి.