బడి ముచ్చట: వీడియో పెడితే నిద్రపోతున్నారు సార్!

(పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది హనుమకొండలో ఉంటున్న ఓ విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

ప్రశ్న: సార్, నమస్తే. పరకాల దగ్గర జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా క్లాసులో గోడకి పెద్ద టచ్ ప్యానెల్ పెట్టారు. మొదటి పది రోజులు బెల్లు కొట్టకముందే పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు వీడియో మొదలవగానే వెనక బెంచీల్లో తలలు వాలిపోతున్నాయి. అడిగితే "అర్థమైంది మేడమ్" అంటారు. స్లిప్ టెస్టులో తెల్ల కాగితం ఇస్తారు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: అమ్మా, ఆ "అర్థమైంది" అనే మాటని నమ్మి ఏళ్లకేళ్లు మోసపోయినవాణ్ని నేను. పొరపాటు ప్యానెల్‌ది కాదు. జవాబు కూడా వీడియోనే చెప్పేస్తుంటే పిల్లలకి ఇక పనేముంది? చూడటం తప్ప.

ఈ సంగతి నాకు తెలివితో తెలియలేదు, నెట్ సరిగ్గా రాక తెలిసింది. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది కదా. కరోనా తర్వాత బడులు తెరిచిన కొత్తలో తొమ్మిదో తరగతికి సాంద్రత పాఠం చెప్పాలి. గుడి ఉన్న పాలంపేట ఎంతో దూరం కాదు, రామప్ప శిఖరానికి వాడిన తేలే ఇటుక గురించి ఒక వీడియో దొరికింది. ‘ఎ’ సెక్షన్‌లో మొదటినుంచి చివరిదాకా వేశాను. ఇటుక నీళ్లలో తేలగానే చప్పట్లు కొట్టారు. మర్నాడు "ఎందుకు తేలింది రా?" అంటే, "రామప్పది కద సార్!" అన్నారు.

బి సెక్షన్‌లో నా ఫోన్ హాట్‌స్పాట్ మొరాయించింది. సరిగ్గా వీడియోలో చూపించే ఆయన చేతిలో ఇటుక, కింద నీళ్ల తొట్టి ఉన్నచోట బొమ్మ ఆగిపోయి, మధ్యలో గుండ్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. నేను వైర్లు కదిలిస్తున్నాను. నా వెనక మాత్రం లొల్లి. "మునుగుతది", "మునగదు". సరే, ఎవరేమనుకుంటున్నారో నోట్‌బుక్‌లో రాయమన్నాను. 41 మందిలో ఆరుగురే తేలుతుందని రాశారు. ఆ ఆరుగురూ అప్పటికే రామప్పకి వెళ్లొచ్చినవాళ్లు, కాబట్టి వాళ్లని లెక్కలోంచి తీసెయ్యాలి.

ఒక మేస్త్రీ కొడుకు లేచాడు. "మా నాయిన గోడ కట్టేముందు ఇటుకలు నానేస్తడు సార్. బుడగలొస్తయి. లోపల గాలున్నట్టే కదా? మరి గాలుంటె తేలాలె, మా ఇటుక ఎందుకు మునుగుతది?"

ఆ ప్రశ్న నా పాఠ్య ప్రణాళికలో లేదు. మర్నాడు వాడే ఒక ఇటుక తెచ్చాడు. స్కేలుతో కొలిస్తే 22 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 7 ఎత్తు. అంటే 1540 ఘన సెంటీమీటర్లు. బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో తూకం వేయిస్తే 2 కిలోల 900 గ్రాములు. అంత ఘనపరిమాణం నీళ్లయితే బరువు కిలోన్నర కంటే కొంచెం ఎక్కువ, అంతే. గాలి ఉన్నా ఇటుక నీటికంటే దాదాపు రెట్టింపు బరువు, అందుకే మునిగింది. రామప్ప ఇటుకలో గుల్ల ఎంత ఎక్కువుండాలో లెక్క వాళ్లే కట్టారు. ఆ తర్వాతే వీడియోలో మిగతా భాగం వేశాను. అప్పుడెవరూ చప్పట్లు కొట్టలేదు, "చూసిన్రా, చెప్పిన గద!" అన్నారు.

అందుకని రేపు ఏ వీడియో వేసినా, జవాబు రాబోయే చోట ఆపండి. ముందు ఇంట్లో ఒకసారి చూసి ఆ చోటు ఏ నిమిషంలో ఉందో రాసి పెట్టుకోండి. పిల్లలు ఊహించేది నోటితో చెప్పించకండి, రాయించండి. నోటితో అయితే క్లాస్ ఫస్ట్ ఏమంటే అందరూ అదే అంటారు.

ఇక ఎవరికి అర్థమైందో తెలియాలంటే ప్లికర్స్ అని ఒక ఆప్ ఉంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు, మీ ఒక్క ఫోన్ చాలు. ఒక్కొక్కరికి ఒక నల్ల గళ్ల బొమ్మ ఉన్న కార్డు ఇస్తారు. దాన్ని ఎటు తిప్పి పట్టుకుంటే ఏ, బి, సి, డిలలో ఆ జవాబు. మీరు ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి చూపిస్తే ఎవరు ఏది పట్టుకున్నారో నమోదవుతుంది. బొమ్మలు ఒక్కోటీ వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. నాలా ముచ్చటపడి కార్డులకి మెరిసే లామినేషన్ చేయించకండి. ట్యూబ్‌లైటు మెరుపుకి ఫోన్ చదవలేకపోయింది, డబ్బులు దండగ. చివరికి మామూలు కాగితంమీద ప్రింట్ తీసి పాత పెళ్లి పత్రికల వెనక అతికించాం.

ధ్వని పాఠానికి మీదీ ఇంకో టీచర్‌దీ రెండు ఫోన్లు కావాలి. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత ఆప్‌లో, చప్పుడు వినగానే మొదలై మళ్లీ చప్పుడు వినగానే ఆగే స్టాప్‌వాచ్ ఉంది. గ్రౌండులో పది మీటర్ల దూరంలో ఇద్దరు పిల్లలని నిలబెట్టండి, ఒక్కొక్కరి దగ్గర ఒక ఫోన్, ఒక మధ్యాహ్న భోజనం స్టీలు పళ్లెం. మొదటివాడు పళ్లెం కొడితే రెండు ఫోన్లూ మొదలవుతాయి, రెండోవాడు కొడితే రెండూ ఆగుతాయి. కానీ రెండింటి సమయం ఒకటి కాదు. ధ్వని వెళ్లడానికి ఒకసారి, రావడానికి ఒకసారి పట్టిన ఆలస్యం ఆ తేడాలో ఉంటుంది. మాకు 0.058 సెకన్లు వచ్చింది. 20 మీటర్లని దానితో భాగిస్తే సెకనుకి దాదాపు 345 మీటర్లు. అంతకుముందు రెండుసార్లు పిచ్చి లెక్కలొచ్చాయి, పక్కన ఎవరో దగ్గారు. ఆ దగ్గు గురించి జరిగిన చర్చ అసలు పాఠం కంటే బాగుంది. పక్క క్లాసు టీచర్‌కి మాత్రం ముందే చెప్పండి. పళ్లెం మోత మామూలుగా ఉండదు.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలని ఫోన్ తీసుకుని రీల్స్ చూస్తున్నాడు సార్. ఏం చేయమంటారు? (ఒక తల్లి, జమ్మికుంట)

జవాబు: ఆ కోడ్‌లు దీక్షా అనే ప్రభుత్వ పాఠాల ఆప్‌లోకి వెళతాయమ్మా. అందులో పాఠాలని డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. రాత్రి మీరే డౌన్‌లోడ్ చేసి, డేటా ఆపేసి ఇవ్వండి. వాడు చూశాక ఫోన్ తీసుకుని, "నాకేం తెల్వదు బిడ్డా, జర చెప్పు" అనండి. నేను మా మనవడితో ఇదే చేస్తున్నాను. మొదటి రెండు రోజులు వాడు నా మీద అలిగాడు.