ఆ పాత ముస్టాంగ్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశా, 1966 ఫెండర్ ముస్టాంగ్ ఎలక్ట్రిక్ గిటార్ అని అమ్మేవాడు చెప్పిన రేటూ చూశా, గుండె గుభేల్మంది. దానికి తోడు మీ అమ్మ ఫోన్ చేసి "స్టూడెంట్ గిటార్‌కి అంత పెట్టాలా అన్నయ్యా" అని ఒకటే గోల. స్టూడెంట్ అన్న మాట చూసి తేలిగ్గా తీసుకోవద్దని చెప్పా.

ఫెండర్ వాళ్ళు 1956లో మ్యూజిక్‌మాస్టర్, డుయో-సోనిక్ తెచ్చింది నేర్చుకునే పిల్లల కోసమే, నిజమే, స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 22.5 అంగుళాలు. 1964లో వచ్చిన ముస్టాంగ్ ఎక్కువగా 24 ఉంటుంది, మన స్ట్రాటోకాస్టర్ 25.5. అంగుళంన్నర తేడాకే ఇంతా అనుకుంటావేమో, అవే స్ట్రింగ్స్ అదే ట్యూనింగ్‌లో కడితే 24 మీద టెన్షన్ 11 శాతం తగ్గుతుంది, 22.5 మీద 22 శాతం, అందుకే తీగని పక్కకి నెట్టి బెండ్ చేస్తుంటే అది వేలి కింద మెత్తగా లొంగిపోతుంది, నీ చిన్న చేతికి మొదటి నాలుగు ఫ్రెట్లూ సాగదీయకుండానే అందుతాయి. కాకపోతే నీలా గట్టిగా నొక్కేవాళ్ళకి కార్డ్ (కలిపి మీటే స్వరాలు) శ్రుతి తప్పుతుంది, సన్నటి 9 సైజు తీగలు తీసేసి లావుపాటి 11లు వేసుకో, సరిపోతుంది.

నా మ్యూజిక్‌మాస్టర్ సంగతి నీకు తెలీదు కదా. ఒక్కటే పికప్ (తీగ కదలికని పట్టి యాంప్‌కి పంపే అయస్కాంతపు చుట్ట), అదీ నెక్ దగ్గర, పైన ఏమీ లేని నున్నటి ప్లాస్టిక్ మూత. చవగ్గా దొరికింది కదా అని కుర్రతనంలో సాండ్‌పేపర్ పెట్టి రంగంతా గీకేసి నల్లగా కొట్టా. నెక్ పాకెట్, అంటే నెక్ కూర్చునే గుంట, లోపల మాత్రం పాత క్రీమ్ రంగు అలాగే ఉండిపోయింది, ఎప్పుడు నెక్ విప్పినా అది కనపడి కడుపు తరుక్కుపోతుంది. నువ్వు మాత్రం అలాంటి పని చెయ్యకు. కానీ వేరేవాళ్ళు ఎవరో గీకేసింది దొరికితే వదలకు, అలాంటివే చవక, నీకు కావాల్సింది వాయించడానికి గానీ షోకేస్‌లో పెట్టడానికి కాదుగా. నిర్వాణా బ్యాండ్ కర్ట్ కొబేన్ చేతిలో ముస్టాంగ్ చూశాక జనం ఎగబడ్డారు, ఇక ఒరిజినల్ రంగున్నవి మనకి అందేలా లేవు.

ఇక చూడాల్సినవి. నెక్ విప్పి దాని మడమ (ఆ గుంటలో కూర్చునే చివర) మీద డేట్ స్టాంప్ ఫోటో పంపమను, ఎలాగూ నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ స్క్రూ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి విప్పనంటే డౌటే. వెనక ప్లేట్ మీద నంబర్ నమ్మకు, నాలుగు స్క్రూలు తీస్తే ప్లేట్ మారిపోతుంది. నాబ్‌ల కింద పాట్స్ (వాల్యూమ్, టోన్ మార్చే భాగాలు) మీద 137 అనే తయారీదారు కోడ్, ఆ తర్వాత 66, ఆ తర్వాత వారం నంబర్ ఉంటే ఆ పాట్ 1966ది, కానీ ఫెండర్ వాళ్ళు ఆ ఏడాది పాట్స్ తర్వాత కొన్నేళ్ళు వాడారు, కాబట్టి గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రమే తెలుస్తుంది.

యాంప్‌కి పెట్టి రెండు పికప్ స్విచ్‌లూ ఒకే వైపు జరుపు, తర్వాత ఒకటి అటు ఒకటి ఇటు జరుపు, అప్పుడు సౌండ్ సన్నగా ముక్కుతో పాడినట్టు రావాలి. రాకపోతే ఎవరో వైర్లు కెలికారన్నమాట. చిటపటలాడితే భయపడకు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ట్రెమోలో బార్ (శ్రుతిని ఊగించే కడ్డీ) ఊపాక శ్రుతి పోతే బేరానికి పనికొస్తుంది, తీగలు ఆనే ఆ బ్రిడ్జ్ గుణమే అంత, అటూ ఇటూ ఊగుతుంది.

శనివారం నేనూ వస్తా, స్క్రూడ్రైవర్ నేనే తెస్తా. అప్పటిదాకా ఒక్క డాలర్ కూడా పంపకు.

మావయ్య