ముందు పట్టాలు లెక్కపెట్టు

కడప

అబ్బీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. తొట్టి తుప్పు పట్టినా జీపు పికప్ ఛాసిస్ గట్టిగానే ఉంది. బండి ఎత్తు నాలుగు అంగుళాలు దించాలి, చేతిలో డబ్బులు తక్కువ, ఏమేం మార్చాలి పెద్దనాయనా అని అడిగావు. మార్చే సంగతి తర్వాత. ముందు బండి కిందికి దూరి వెనక కమాన్ కట్టల్లో, అంటే బండి బరువు మోసే లీఫ్ స్ప్రింగుల్లో, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

ఎందుకంటే అది ఎర్రగుంట్ల పక్క బండలు తోలిన బండి అని నువ్వే రాశావు. బండలు తోలేవాడు బండి కొనగానే ఒకటో రెండో పట్టాలు ఎక్కువ వేయిస్తాడు. కట్టను పక్కనుంచి చూడు. పట్టాల పొడుగు మెట్లు మెట్లుగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకటి మెట్టు తప్పి, కొస వేరే తీరుగా కోసి, మందం కూడా తేడాగా కనబడితే అది తర్వాత చేరిందే. నీ బండి పుట్టుకతో అంత ఎత్తు లేదు, బండల కోసం ఎత్తారు. ఆ పట్టాలు తీసేస్తే పైసా ఖర్చు లేకుండా కొంత దిగుతుంది.

టైర్లూ అంతే. పాత జీపులకు 6.00-16 సైజు వచ్చేది. నీ బండికి ఉన్నవి అంతకన్నా పెద్దవిగా కనిపిస్తున్నాయి. టైరు మొత్తం ఎత్తులో రెండంగుళాలు తగ్గితే బండి ఒక అంగుళం దిగుతుంది. కాకపోతే ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు కూడా దాంతోపాటే దిగుతుంది. మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు నీకు తెలియనివి కావు.

ఇక నువ్వు పంపిన అమెరికా వీడియో. అది షెవర్లే సీ-10 పికప్. వాటికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, 1963 నుంచి కాయిల్ స్ప్రింగులు కూడా వచ్చాయి. అందుకే వాళ్లు స్పిండిల్ (ముందు చక్రం బిగించే ముక్క) మార్చి దించుతారు. 1973 తర్వాతి ట్రక్కు ముందు క్రాస్‌మెంబర్‌ను (ముందు చక్రాల సరంజామాను మోసే అడ్డ దూలాన్ని) తుక్కులోంచి తెచ్చి 1963-72 బండికి బిగించేవాళ్లూ ఉన్నారు. అక్కడ అది చవక పని. నీ జీపుకు ముందూ వెనకా నిండు ఇరుసు, నాలుగు మూలలా కమాన్ కట్టలే. ఆ పద్ధతి దీనికి పనికిరాదు.

నీకు పనికొచ్చేది తుక్కు షాపులో పడున్న ప్యాసింజర్ జీపు కట్ట. అది బరువు మోయడానికి పెట్టింది కాదు కాబట్టి మెత్తగా ఉంటుంది. కానీ చూపుతో అంచనా వేసి కొనొద్దు, టేపు తీసుకుని పో. కన్ను (కట్ట కొసన చుట్ట చుట్టిన రంధ్రం) నుంచి కన్నుకు ఎంత, ముందు కన్ను నుంచి పట్టాలన్నీ కలిపి బిగించే సెంటర్ బోల్టుకు ఎంత, పట్టా వెడల్పు, కన్నులో కూర్చునే బుష్ రంధ్రం, ఈ నాలుగూ కలవాలి. సెంటర్ బోల్టు కొలత ఒకవైపు తేడా వచ్చినా ఇరుసు వంకరగా కూర్చుని బండి ఎండ్రకాయలా పక్కకు నడుస్తుంది. గోరు పట్టే పగులు ఉన్న పట్టాను ఊరికే ఇచ్చినా తేవద్దు.

పట్టాలు తగ్గించేటప్పుడు కన్నులున్న మెయిన్ పట్టా, దాని కింది రెండోది ముట్టుకోవద్దు. ఒక పక్క ఏ పట్టా తీస్తే రెండో పక్కా అదే తియ్యి. వంపు తగ్గించాలంటే కమాన్ షాపులో చల్లగానే సుత్తితో కొట్టిస్తారు. ఎవడైనా గ్యాస్ వెలిగించాడంటే కట్ట తీసుకుని వచ్చెయ్. వయసులో ఉన్నప్పుడు నేను ఆ పని చేశాను. ఎర్రగా కాల్చి వంచితే ఎంత సాఫుగా వచ్చిందో! ఉక్కుకు పట్టించిన పదును ఆ మంటలోనే పోయిందని అప్పుడు తెలియలేదు. కొన్నాళ్లకు గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే వెనక మెయిన్ పట్టా ముందు కన్ను దగ్గర తెగింది. ఇరుసు వెనక్కి జరిగి టైరు తొట్టికి రాసుకుంది. కొండవైపు ఉన్నాను కాబట్టి గట్టుకు ఆనించి ఆపాను. లోయవైపు ఉండుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇంకా దించాలంటే వెనక మాత్రమే ఇనుప దిమ్మ పెట్టు. ఈ జీపుల్లో కట్ట కింద, ఇరుసు పైన. మధ్యలో రెండంగుళాల దిమ్మ పెడితే బండి రెండంగుళాలు దిగుతుంది. (కట్ట ఇరుసు పైన ఉండే బండ్లలో అదే దిమ్మ బండిని లేపుతుంది, ఎవరి మాటో విని పెట్టేయొద్దు.) చెక్క వద్దు, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. ముందు ఇరుసుకు దిమ్మ అసలే వద్దు, బ్రేకు కొట్టినప్పుడు దాని మీద పడే మెలి బరువు నీకు తెలియదు.

కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, సెంటర్ బోల్టులు, బుష్‌లు మాత్రం కొత్తవే. మిగతాచోట ఎంతైనా మిగుల్చుకో. సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చుందని వేలుతో తడిమి చూసుకున్నాకే యూ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. చివరి బిగింపు బండి నేల మీద నిలబడ్డాకే. రెండొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్పానర్ వెయ్యి, తప్పకుండా చుట్టు తిరుగుతాయి.

షాకబ్జార్బర్లు పాతవే ఉంచితే సగం దాకా నొక్కుకుపోయి ఉంటాయి, గుంత రాగానే లోపల కొట్టుకుంటాయి. పొట్టివి వెయ్యి. ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు పీకెయ్యకు. గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని స్లిప్‌లో (జారే అతుకులో) లోపలికి జరగడానికి చోటుందా చూడు. ఒక ముందు చక్రం కింద రెండు ఇటుకలు పెట్టి స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. స్టీరింగ్ వీల్ మధ్యకు రాకపోతే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ కడ్డీ సరిచేయించు.

నాలుగంగుళాలు మర్చిపో. వెనక రెండు, ముందు ఒకటిన్నర చాలు, ఆ తొట్టి అందం వచ్చేస్తుంది.

కాగితాల సంగతి. ఆర్సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టూ అదే అంది. పట్టుకుంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. అదనపు పట్టాలు తీసి కంపెనీ కట్టకు తేవడం వేరు, దిమ్మ పెట్టడం వేరు. దిమ్మ పెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి రా.

పట్టాల లెక్క, నాలుగు కొలతలు రాసి పంపు. ఆదివారం ఇద్దరం తుక్కు షాపులు తిరుగుదాం, పొద్దున్నే రా, ఎండెక్కితే ఆ ఇనుము చేత్తో పట్టుకోలేం.

నీ పెద్దనాయన