జీవశాస్త్ర పాఠం మూడు రోజుల ముందే మొదలవ్వాలి

ప్రశ్న: నేను బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తి చేసి, ప్రస్తుతం బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీవశాస్త్రం నా మెథడాలజీ, అంటే బోధన పద్ధతులు నేర్చుకునే సబ్జెక్టు. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పదో తరగతులకు పాఠాలు చెబుతున్నాను. చార్టులు, ఫ్లాష్ కార్డులు ఎంతో శ్రమపడి తయారు చేసుకుని వెళ్తున్నా పది నిమిషాలు గడిచేసరికి పిల్లలు దిక్కులు చూస్తున్నారు. ప్రణాళికలో రాసుకున్నదానికీ తరగతిలో జరిగేదానికీ పొంతన ఉండటం లేదు. పిల్లలు ఆసక్తిగా పాల్గొనేలా పాఠాలను ఎలా సిద్ధం చేసుకోవాలి? ఈ నైపుణ్యం డీఎస్సీకి, ఇతర ఉద్యోగాలకు ఎంతవరకు ఉపయోగపడుతుంది?
– ఒక బీఈడీ విద్యార్థిని, మహబూబాబాద్ జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదవగానే మీరు పడుతున్న శ్రమ అర్థమైంది. లోపం ఆ శ్రమలో లేదు. దాన్ని ఎక్కడ వెచ్చిస్తున్నారన్నదే ఆలోచించవలసిన విషయం. చార్టు ఎంత అందంగా గీసినా అది ఒక జవాబు మాత్రమే. పిల్లల మనసులో ప్రశ్న పుట్టకముందే జవాబును గోడకు తగిలిస్తే వారికి ఇక చేయవలసిన పని ఏమీ మిగలదు, అందువల్లనే పది నిమిషాలకు దిక్కులు చూస్తారు. కాబట్టి పీరియడ్ ప్రణాళిక రాయడానికి కూర్చున్నప్పుడు ‘నేను ఏం చెప్పాలి, ఏం చూపించాలి’ అని కాకుండా, ‘ఈ 45 నిమిషాల్లో పిల్లలు దేని గురించి వాదించుకోవాలి, ఏది తమ కళ్లతో చూసి తేల్చుకోవాలి’ అని మొదలుపెట్టమని నా సలహా.

మీరు చెబుతున్న పదో తరగతి పోషణ పాఠాన్నే తీసుకుందాం. మర్రి విత్తనం ఆవగింజ కంటే చిన్నది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి ఊడలు దిగి ఎంత విస్తరించిందో పిల్లల్లో కొందరైనా చూసి ఉంటారు, లేదా విని ఉంటారు. అంత కలప, అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న వేసి, ఎవరికి వారు జవాబును నోటు పుస్తకంలో రాసుకోమనండి. రాయించడం చాలా ముఖ్యం, ఎందుకంటే నోటితో అడిగితే ముందు బల్ల మీది ముగ్గురే చెబుతారు, మిగతావారు తల ఊపుతారు. రాసిన తర్వాత చూస్తే తరగతిలో ఎక్కువ మంది ‘మట్టి నుంచి’ అనో ‘ఎరువు నుంచి’ అనో రాసి ఉంటారు. రైతు కుటుంబాల పిల్లలైతే, యూరియా వేయకపోతే వరి ఎర్రబడిపోతుందని గట్టిగా వాదిస్తారు. ఆ వాదనను తోసిపుచ్చకండి, అది పొలంలో వారు కళ్లారా చూసిన నిజం.

అప్పుడు పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ చేసిన ప్రయోగం చెప్పండి. ఆయన సుమారు 90 కిలోల ఎండు మట్టి నింపిన కుండీలో రెండు కిలోలకు కాస్త ఎక్కువ బరువున్న విల్లో మొక్కను నాటి, అయిదేళ్ల పాటు నీళ్లు మాత్రమే పోశారు. అయిదేళ్ల తర్వాత చెట్టు సుమారు 77 కిలోలు తూగింది. మట్టిలో తగ్గినది 60 గ్రాములు కూడా లేదు. ఈ అంకెలను నల్లబల్ల మీద రాసి ఒక నిమిషం మౌనంగా ఉండండి. ఇక్కడ ఉపాధ్యాయులు తొందరపడి వివరణ ఇచ్చేస్తారు, కానీ పాఠంలో అత్యంత విలువైన నిమిషం అదే. కొత్త బరువంతా నీటి నుంచే వచ్చిందని వాన్ హెల్మాంట్ అనుకున్నారు. అంటే ఆయన కూడా జవాబులో సగం దూరమే వెళ్లారు. మిగిలిన సగం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్. అది విన్నప్పుడు ‘గాలితో కలప తయారవుతుందా?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, ఆ ప్రశ్న కోసమే ఈ పాఠాన్ని ఇలా అల్లుకున్నాం. యూరియా సంగతి కూడా మరిచిపోకండి: నత్రజని వంటి మూలకాలు తక్కువ పరిమాణంలోనే అవసరమైనా అవి లేకపోతే పెరుగుదల కుంటుపడుతుందని చెబితే, ఇంతకుముందు వాదించిన రైతుబిడ్డకు తన మాట కూడా నిలిచిందని తెలుస్తుంది.

ఇక శీర్షికలో చెప్పిన మూడు రోజుల సంగతికి వస్తాను. భౌతికశాస్త్రంలో లోలకం మనం ఊపగానే ఊగుతుంది, కానీ జీవి మన టైం టేబుల్ ప్రకారం నడవదు. జీవశాస్త్ర ప్రణాళికలు తరగతిలో తలకిందులు కావడానికి నాకు తెలిసిన ప్రధాన కారణం ఇదే. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో అయోడిన్‌తో పరీక్షించే ప్రయోగాన్ని ఉపాధ్యాయుడిగా నా తొలి సంవత్సరంలో చేసినప్పుడు, నల్ల కాగితం చుట్టిన భాగం కూడా నీలి నలుపుగానే మారింది. పిల్లలు చూసింది ఒకటి, నేను బోర్డు మీద రాయించింది మరొకటి. కుండీని ముందుగా చీకటిలో ఉంచలేదు కనుక ఆకులో పాత పిండిపదార్థం అలాగే నిల్వ ఉందన్న సంగతి నాకు ఆ సాయంత్రం గాని తట్టలేదు. కళ్లతో చూసినదాన్ని కాదని పుస్తకంలో ఉన్నదాన్ని రాసుకోమని చెప్పడం విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు చేయగల పెద్ద తప్పు, ఆ రోజు నేను చేసినది అదే.

అందుకని ఈ పాఠం బుధవారం ఉందనుకుంటే, ఆదివారం సాయంత్రమే మందార కుండీని చీకటి గదిలోకి చేర్చాలి. కనీసం 48 గంటలు చీకటిలో ఉంటే ఆకుల్లోని నిల్వ తరిగిపోతుంది. బుధవారం తెల్లవారుజామున ఒక ఆకుకు మధ్యలో రెండు వైపులా నల్ల కాగితం పట్టీ బిగించి ఎండలో పెట్టాలి, నాలుగు గంటలైనా ఎండ తగలాలి. కాబట్టి మీ పీరియడ్ మధ్యాహ్నానికి దగ్గరగా ఉంటేనే ఇది కుదురుతుంది. మొదటి పీరియడే అయితే కుండీని శనివారం సాయంత్రమే చీకటిలోకి చేర్చి, మంగళవారం ఎండలో పెట్టి, సాయంత్రం ఆకు కోసి, మరిగే నీటిలో ముంచి, స్పిరిట్‌లో భద్రపరచుకోవాలి. తరగతిలో స్పిరిట్‌ను నేరుగా మంట మీద ఎన్నడూ వేడి చేయకండి. నీళ్లు మరిగించి, మంట ఆర్పేసిన తర్వాతనే స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను ఆ వేడినీటిలో దించాలి. ఆకుపచ్చదనం స్పిరిట్‌లోకి దిగిపోయి ఆకు వెలవెలబోతుంది, నీటిలో కడిగితే మెత్తబడుతుంది, దానిపై అయోడిన్ చుక్కలు వేయగానే ఎండ తగిలిన భాగం నీలి నలుపుగా మారి, పట్టీ ఉన్నచోటు మాత్రం లేత గోధుమ రంగులో గీతలా మిగిలిపోతుంది. అయోడిన్ వేసే ముందు ఎక్కడ రంగు మారుతుందో ప్రతి ఒక్కరినీ బొమ్మ గీసి చూపమనండి. తమ బొమ్మ నిజమవుతుందా లేదా అని చూసే కళ్లు దిక్కులు చూడవు.

ఇదే ఆలోచనను పీరియడ్ నుంచి సంవత్సరానికి విస్తరించండి. వార్షిక ప్రణాళికను చాలామంది నిరుటిది చూసి ఎత్తి రాస్తారు. నన్నడిగితే బయో సైన్స్ ఉపాధ్యాయులకు దాని కంటే విలువైన పత్రం మరొకటి లేదు. బడులు తెరిచే జూన్‌లో, మృగశిర కార్తె వానలకు ఇసుక నేలల్లో ఎర్రని మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. పిల్లలు దాన్ని పురుగు అంటారు కనుక కీటకమేనా అని అడిగి, కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి, అంటే అది సాలీడు, తేలు ఉన్న వర్గానికి చెందింది. తొమ్మిదో తరగతి జీవుల వైవిధ్యం పాఠానికి ఇంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. చూసిన తర్వాత దాన్ని దొరికినచోటే వదిలిపెట్టించాలి, అది కూడా పాఠంలో భాగమే.

బతుకమ్మ రోజుల్లో మీ జిల్లాలో ప్రతి ఇంటా తంగేడు, గునుగు పూలు ఉంటాయి. తంగేడు పువ్వును విప్పి చూస్తే కేసరాలు ఒకే పొడవులో ఉండవు, పుప్పొడి పరాగకోశం చివరనున్న చిన్న రంధ్రం గుండా మాత్రమే బయటికి వస్తుంది. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని కంపింపజేసి పుప్పొడి రాల్చుకుపోతుంది. గునుగు విషయానికొస్తే, మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందలాది చిన్న పువ్వుల కంకి. ప్రత్యుత్పత్తి పాఠం ఆ సమయానికి రాకపోయినా పూలను పాత వార్తాపత్రికల మధ్య అదిమి ఆరబెట్టి ఉంచుకోండి, కంపించే తుమ్మెదను చూసి రమ్మని మాత్రం అప్పుడే పంపండి.

అనువంశికత పాఠం పిల్లలకు ఎందుకు భారమవుతుందంటే, బహిర్గత (పైకి కనిపించే), అంతర్గత (దాగి ఉండే) లక్షణాల 3:1 నిష్పత్తి వారికి గళ్లలో నింపే అక్షరాలుగానే పరిచయమవుతుంది. దీనికి చింతగింజలు చాలు. కొన్ని గింజలను గోధుమ రంగు తోలుతోనే ఉంచి, కొన్నింటిని వేయించి తోలు తీసి తెల్లగా చేయండి. రెండు గుడ్డ సంచుల్లో ఒక్కోదానిలో సగం గోధుమ, సగం తెల్ల గింజలు వేసి, కళ్లు మూసుకుని ఒక్కో సంచి నుంచి ఒక్కో గింజ తీసి జత రాసుకుని, మళ్లీ ఎక్కడివి అక్కడ వేయమనాలి. జతలో ఒక్క గోధుమ గింజ ఉన్నా అది బహిర్గత లక్షణం. అష్టాచెమ్మా ఆటలోలాగా చింతబద్దలను ఎగరేయిస్తే పని సులువని అనిపిస్తుంది, కానీ బద్ద రెండు వైపులా సమానంగా పడదని ఆ ఆట ఆడేవారందరికీ తెలుసు, కాబట్టి సంచులే మేలు. పదేసి సార్లు తీసిన జట్లలో ఒకరికి 9:1, మరొకరికి 6:4 వస్తుంది. ‘సార్, మాది తప్పు వచ్చింది’ అని కొందరు బిక్కమొహం వేస్తారు. నలభై మంది లెక్కలూ బోర్డు మీద కూడితే మొత్తం 3:1కు దగ్గరగా వస్తుంది. మెండెల్‌కు బఠాణీ మొక్కల్లో గుండ్రని విత్తనాలు 5,474, ముడతలవి 1,850 వచ్చాయని అప్పుడు చెబితే, ఆయన అన్ని వేల గింజలు ఎందుకు లెక్కించారో ఎవరూ వివరించకుండానే పిల్లలకు అర్థమవుతుంది.

ప్రణాళికలో అంకగణితం కూడా ఉండాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఒకే సూక్ష్మదర్శిని ఉంటే, మనిషికి ఒక్క నిమిషం ఇచ్చినా 40 నిమిషాలు వరుసలోనే గడిచిపోతాయి. ఉల్లిపొర స్లైడును విరామ సమయంలోనే సరిచేసి పెట్టి, అయిదేసి మంది చొప్పున వంతులు వేసి, మిగిలినవారికి రాయడమో గీయడమో వంటి నిజమైన పని అప్పగించాలి. పీరియడ్ చివరి నాలుగు నిమిషాలను దేనికీ వదులుకోకండి. మొదట రాసిన జవాబును ఇప్పుడు ఎలా మార్చి రాస్తారో పిల్లల చేత రాయించి చదివితే, రేపటి ప్రణాళిక అందులోనే దొరుకుతుంది.

మీ కళాశాల రికార్డులో పాఠాన్ని దశలుగా విభజించి రాసే హెర్బార్ట్ సోపానాలు అడిగినా, 5ఇ నమూనా అడిగినా ఇబ్బంది లేదు. మర్రి విత్తనం ప్రశ్న ఉన్ముఖీకరణ (ఆసక్తి రేకెత్తించే తొలి దశ) కింద, అయోడిన్ పరీక్ష అన్వేషణ కింద సహజంగా ఒదుగుతాయి. ముందు పాఠం ఆలోచించి తర్వాత గళ్లలో నింపండి, గళ్లను బట్టి పాఠం ఆలోచించకండి.

ఇక ఉద్యోగాల మాట. ఉన్నది ఉన్నట్టు చెబితే, డీఎస్సీలో తరగతి బోధనను ఎవరూ చూడరు, అది రాత పరీక్ష. 2024 తెలంగాణ డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీకి 20. ఆ 80లో కంటెంట్‌కు 44, మెథడాలజీకి 16 కేటాయించారు. కాబట్టి పాఠాలు బాగా చెబితే చాలునని కంటెంట్ చదువును పక్కన పెట్టవద్దు. అయితే పిల్లల ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ చదివిన కంటెంట్ గుర్తుండిపోతుంది, మెథడాలజీ ప్రశ్నలు కూడా తరగతి అనుభవం ఉన్నవారికి తేలికగా అందుతాయి. టెట్ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది కనుక పేపర్-2ను వీలైనంత త్వరగా, మంచి మార్కులతో పూర్తి చేసుకోండి.

కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) సైన్స్ పోస్టుకు వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు చదివిన మీ డిగ్రీ సరిపోతుంది. 2022 నోటిఫికేషన్‌లో రాత పరీక్షతో పాటు డెమో బోధన, ఇంటర్వ్యూ కూడా ఉన్నాయి. ప్రైవేటు పాఠశాలల్లో డెమో క్లాసే నిర్ణయాత్మకం. సీబీఎస్ఈ బడుల్లో పదో తరగతి వరకు సైన్స్ ఒకే సబ్జెక్టు కావడంతో భౌతికశాస్త్రం కూడా చెప్పవలసి రావచ్చు, దానికి ఇప్పటి నుంచే మనసును సిద్ధం చేసుకోండి. డెమోకు వెళ్లేటప్పుడు మొత్తం పాఠాన్ని పదిహేను నిమిషాల్లో ఒప్పజెప్పాలని చూడకుండా, ఒక ప్రశ్న, చేతిలో పట్టే ఒక వస్తువు, పిల్లలు రాసిన రెండు మూడు జవాబులతో నడిపించండి.

ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా మీరు మూడు పాఠాలను ఈ విధంగా సిద్ధం చేసుకుంటే చాలు, అన్నింటినీ ఒకేసారి మార్చాలని ప్రయత్నిస్తే అలసిపోతారు. మొదటిదిగా ఆకు పరీక్షనే ఎంచుకోండి. బడిలోని మందార కుండీని ఏ గదిలో పెట్టవచ్చో ప్రధానోపాధ్యాయులను అడిగి, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో శనివారమే కనుక్కోండి.