ఆ బల్లిని ఎందుకు వదిలేశావు?

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌గఢ్ కోట, అక్కడి జైన గుళ్ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. మొన్న రాత్రి ఒకసారి చదివాను, నిన్న తెల్లారకముందే లేచి మళ్లీ చదివాను. జవాబు ఫోన్‌లో చెప్పేది కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను.

ముందు బాగున్నదేదో చెబుతాను. లలిత్‌పూర్‌లో రైలు దిగి, బేత్వా నది ఒడ్డు చేరేదాకా రాసిన రెండు పేజీలూ నాకు చాలా నచ్చాయి. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లే మనవాళ్లు భోపాల్ దాటాక ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లుంటారు! సగం మంది నిద్రలోనే దాటేసి ఉంటారు. నువ్వు దిగావు. జీపులో పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్లోని శనగల మూట గురించి రాశావు చూడు, ఆ నాలుగు వాక్యాల్లో మనిషి కనబడింది.

కొండెక్కి కోటలోకి అడుగుపెట్టగానే నీ భాష మారిపోయింది. మూగబోయిన శిలలు, కాలగర్భంలో కలిసిన వైభవం, శిథిల సౌందర్యం, మౌనంగా రోదిస్తున్న విగ్రహాలు. ఆ నాలుగు పేజీల్లో ‘మౌనం’ అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టాను, చూసుకో. హంపి మీద రాసినా ఇవే వాక్యాలు సరిపోతాయి, గండికోట మీద రాసినా సరిపోతాయి. నువ్వు అంత దూరం వెళ్లి, 31 జైన మందిరాల మధ్య ఒక రోజంతా తిరిగి, ఇంట్లో కూర్చునే రాయగలిగిన మాటలు రాసుకొచ్చావు. నాకు బాధ కలిగింది అందుకే.

అసలు ఆ రాళ్లు మూగవి కావమ్మా. దేవ్‌గఢ్ రాళ్లంత మాట్లాడే రాళ్లు మన దేశంలో అరుదు. అక్కడ 12వ నంబరు గుడి ఉంది, జైనుల 24 మంది తీర్థంకరుల్లో 16వ ఆయన శాంతినాథుడిది. లోపల చీకట్లో 12 అడుగుల పైచిలుకు ఎత్తున ఆయన నిలబడి ఉంటాడు. నువ్వు లోపలికి వెళ్లి, దండం పెట్టుకుని, బయటికొచ్చి ఫోటోలు తీసుకున్నావు. ఆ గుడి బయటి గోడ చుట్టూ ఒకసారి నడిచి ఉంటే 24 మంది యక్షిణులు, అంటే తీర్థంకరుల వెంట ఉండే దేవతలు, కనబడేవారు. ఒక్కొక్కరి పైన ఒక్కొక్క తీర్థంకరుడు, పక్కనే ఆ యక్షిణి పేరు చెక్కి ఉంటుంది. సుమాలిని. సులోచన. నాలుగో తీర్థంకరుడు అభినందనుడితో ఉన్న ఆవిడ పేరు సరస్వతి. తర్వాతి కాలపు జైన గ్రంథాల్లో స్థిరపడ్డ పేర్లతో పోలిస్తే వీటిలో చాలావరకు కలవవు. అంటే ఏ తీర్థంకరుడి పక్కన ఏ దేవత అన్నది ఇంకా పూర్తిగా తేలని రోజుల్లో, ఎవరో పూనుకుని, ఉన్నవాళ్లందరికీ పేర్లు పెట్టి, గోడమీద రాయించారు. చాలామంది చూడటానికి ఒక్కలాగే ఉంటారు, పేరు చదివితేనే వేరు. పేరు పెట్టడమే అక్కడ జరిగిన పని. రచయితగా నీకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది చెప్పు? దాన్ని వదిలేసి మౌనం గురించి రాశావు.

ఆ గుడి ముందున్న మండపంలో ఒక స్తంభం ఉంది. దానిమీద శాసనం ఉంది. విక్రమ సంవత్ 919, ఆశ్వయుజ శుద్ధ చతుర్దశి, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం. ఇంతటితో ఆగక శక సంవత్సరం 784 అని కూడా వేశారు. మన లెక్కలో క్రీ.శ. 862. కమలదేవాచార్యుడి శిష్యుడు శ్రీదేవుడు ఆ స్తంభాన్ని నిలబెట్టించాడు. ఊరి పేరు అప్పట్లో లుఅచ్ఛగిర. అప్పుడు భోజదేవుడు రాజ్యం చేస్తున్నాడు, ఆ ప్రాంతం మహాసామంతుడు విష్ణురాముడి ఏలుబడిలో ఉంది. ఇవన్నీ ఆ రాతిమీదే ఉన్నాయి. ఒక్క స్తంభం నిలబెట్టినందుకు తిథి, వారం, నక్షత్రం, రెండు శకాలు! తమ తర్వాత వచ్చేవాడు ఏ లెక్కన చదువుతాడో తెలియదు కనుక రెండు లెక్కల్లోనూ రాసి పెట్టారనిపిస్తుంది నాకు. నువ్వేమో ‘ఏనాటివో ఈ కట్టడాలు’ అని రాశావు.

ఇంకోటి. నీ వ్యాసంలో ఒకచోట ‘కవులకు అక్షరలక్షలిచ్చిన భోజరాజు కాలంనాటి గుడి’ అన్నావు. ఆ భోజుడు ఈయన కాదు. ఈయన కనౌజ్ కేంద్రంగా ఏలిన ప్రతీహార మిహిర భోజుడు. మనం చిన్నప్పటి కథల్లో విన్న ధారానగర భోజరాజు దాదాపు 150 ఏళ్ల తర్వాతివాడు. ఇది చిన్న తప్పని అనుకోకు. నువ్వు పేరు తప్పు రాస్తే, రేపు నిన్ను నమ్మి ఇంకొకరు రాస్తారు.

ఇప్పుడు బల్లి సంగతి.

నువ్వు బాహుబలి విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డానని రాశావు. సంతోషం. ‘కాళ్లకు తీగలు పెనవేసుకున్నా చలించని తపస్సు’ అన్నావు. తీగలు శ్రవణబెళగొళలో కూడా ఉన్నాయి, వాటి గురించి అందరూ రాశారు. దేవ్‌గఢ్ శిల్పులు అక్కడితో తృప్తిపడలేదు. వాళ్లు బాహుబలి ఒంటిమీద పాముల్ని చెక్కారు, తేళ్లని చెక్కారు, బల్లుల్ని చెక్కారు. నేను మొదటిసారి చూసినప్పుడు తొడమీద ఏదో చిన్న ఉబ్బు అనుకున్నాను. పక్కనుంచి ఎండ పడితే తోక కనబడింది, తర్వాత నాలుగు కాళ్లు కనబడ్డాయి. నా చిటికెన వేలంత కూడా లేదు. వేళ్లు విప్పి రాతిని పట్టుకుని పైకి పాకుతోంది.

ఆలోచించు. అన్నగారు భరతుడితో పోరాడి, గెలిచి, గెలిచిన రాజ్యాన్ని వదిలి, ఏడాదిపాటు కదలకుండా నిలబడ్డవాడి కథ అది. ‘ఏడాది’ అన్న మాటను రాతిలో ఎలా చెప్పాలి? తీగ ఒక పద్ధతి. తీగ పెరగడానికి రోజులు పడుతుంది. కానీ బల్లి సంగతి వేరు. కదిలే ఒంటిమీదికి బల్లి ఎక్కదు. అది గోడ అనుకుంటేనే ఎక్కుతుంది. ఆ శిల్పి అడవిలో పనిచేసినవాడు, మధ్యాహ్నం ఎండలో బండమీద బల్లి ఎలా ఆగుతుందో, ఎలా పాకుతుందో రోజూ చూసినవాడు. తను చూసిన దాన్నే తెచ్చి పెట్టాడు. నిశ్చలం, నిర్వికారం, అచంచలం అని విశేషణాలు పేర్చడానికి వాడి దగ్గర భాష లేదు, ఉలి ఉంది. మన దగ్గర భాష ఉంది కనుక మనం పేర్చేస్తున్నాం.

నీ వ్యాసంలో ‘అనంత కాలం’ అని ఎక్కడెక్కడ వచ్చిందో అక్కడల్లా ఒక బల్లిని వెతికి పెట్టు. అన్నిచోట్లా దొరకదు. దొరకని చోట ఆ వాక్యం కొట్టెయ్.

అడవి గురించి కూడా ఇదే మాట. ‘దట్టమైన అడవి’ అని సరిపెట్టావు. అది మన నల్లమలలాంటిది కాదు, బుందేల్‌ఖండ్ అడవి. నువ్వు వెళ్లింది హోళీ దాటిన వారానికి. ఆ రోజుల్లో మోదుగ చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటాయి. ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. అక్కడివాళ్లు తేందూ అంటారే, అది మన ఆదిలాబాదు వైపు కోసే తునికాకు చెట్టే. నీ చెప్పుల కింద కరకరలాడిన ఆకుల్లో అది తప్పకుండా ఉండి ఉంటుంది. ఒక్క చెట్టు పేరైనా రాసి ఉంటే చదివేవాడు నీ వెనకాలే నడిచేవాడు. కొండ అంచు నుంచి కింద బేత్వా మలుపు తిరగడం కనబడే చోటు ఉంది, రాజ్‌ఘాటీ మెట్ల వైపు. చందేల రాజు కీర్తివర్మ మంత్రి వత్సరాజు 1097లో వేయించిన శాసనం ఆ దారిలోనే ఉంది. కోటకు కీర్తిగిరి అన్న పేరు అందులోదే. దానిగురించి ఎక్కువ రాయక్కర్లేదు, నీ వ్యాసం గుళ్ల గురించి కదా.

ఇక నీ వ్యాసంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన పేరా. తలలు లేని విగ్రహాలు చూసి, ‘దండయాత్రల్లో మతోన్మాదుల గొడ్డళ్లకు బలైన’ అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? ఎవరూ చెప్పలేదు, అలవాటుగా వచ్చేసింది. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఇదే తప్పు చేశాను. నీ వయసులో ఒక పత్రికకు అచ్చంగా ఇలాంటి వాక్యమే రాశాను. అది అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. కొన్నేళ్ల తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు, అక్కడ కావలి ఉన్న పెద్దాయన నన్ను చెయ్యిపట్టుకుని ఒక విగ్రహం దగ్గరికి తీసుకెళ్లాడు. మెడ దగ్గర వేలు పెట్టి చూడమన్నాడు. ఒంటిమీది రాయి నల్లబడి, వానలకు గరుకుతేలి ఉంది. మెడ దగ్గర మాత్రం లేతరంగులో ఉంది, చదునుగా, దాదాపు నున్నగా. దెబ్బకు విరిగిన రాయి అలా ఉండదు, పెచ్చులూడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇది తీరిగ్గా కూర్చుని కోసిన కోత. విగ్రహాల దొంగలు, 20వ శతాబ్దంలో, అమ్ముకోవడానికి. ఒళ్లంతా మోసుకెళ్లలేరు కనుక తల మాత్రం. అడవి, కాపలా లేని రాత్రులు, తలకు బయట దేశాల్లో పలికే ధర, ఇవీ కారణాలు.

పాతకాలంలో ఏ విధ్వంసమూ జరగలేదని నేననడం లేదు. పిడుగులు, చెట్ల వేళ్లు, మనుషులు, అన్నీ ఉన్నాయి. ఏ విగ్రహానికి ఏది జరిగిందో ఆ విగ్రహం మెడే చెబుతుంది, వేలు పెట్టి చూడాలి. చూడకుండా ఎవరిమీదనో నేరం మోపితే మనం రాసింది అబద్ధం. అచ్చయిన నా అబద్ధాన్ని నేను వెనక్కి తీసుకోలేకపోయాను. నీ వ్యాసం ఇంకా అచ్చు కాలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

12వ గుడి చుట్టూ ఉన్న గోడను నువ్వు ‘శిథిలాల గుట్ట’ అన్నావు. అది గుట్ట కాదు. అడవిలో చెల్లాచెదురుగా పడి ఉన్న వందల విగ్రహాలను ఏరుకొచ్చి, ఒక్కొక్కదాన్నీ గోడలో నిలబెట్టి తాపడం చేశారు. చెయ్యి విరిగినవాళ్లు, మోకాలి దాకా మిగిలినవాళ్లు, ఒట్టి పీఠాలు, ఒట్టి ప్రభావళులు. ఎంత జాగ్రత్త ఉందో చూడు అందులో. పద్మాసనంలో ఉన్నవాళ్లూ, నిలువుగా కాయోత్సర్గంలో ఉన్నవాళ్లూ పక్కపక్కనే, ఇంటి గోడమీద తరతరాల ఫోటోలు వేలాడదీసినట్టు. అక్కడ దిగంబరులు ఇప్పటికీ యాత్రకు వస్తారు, అభిషేకాలు చేస్తారు. నువ్వే రాశావు, తెల్లచీర కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు బియ్యం పోసి దండం పెడుతున్నారని. మరి రెండు వాక్యాల తర్వాత ‘పూజలు నోచుకోని దేవుళ్లు’ ఎలా అయ్యారు? కళ్లముందున్నది ఒకటి, మనసులో ముందే రాసుకున్నది ఒకటి. రెండూ తగువు పడినప్పుడు ఎప్పుడూ కళ్ల పక్షానే ఉండు.

జర్మనీ నుంచి క్లౌస్ బ్రూన్ అనే పండితుడు వచ్చి, ఆ కొండమీది జిన విగ్రహాలనే, అంటే తీర్థంకరుల విగ్రహాలనే, పట్టుకుని కూర్చున్నాడు. జుట్టు ఎలా చెక్కారు, భుజాలమీదికి జడలు ఎలా జారాయి, పీఠంమీద సింహాలు ఎటు తిరిగాయి అని విడదీసి విడదీసి చూసి, 1969లో పెద్ద గ్రంథమే వేశాడు. మనం పండితులం కానక్కర్లేదు. కానీ అంత ఓపికలో పదో వంతు, ఒక్క విగ్రహం ముందు ఒక గంట, అంతమాత్రం పెట్టగలం కదా.

అక్కడే ఇంకో రకం శిల్పం ఉంది, దాని ఊసే నీ వ్యాసంలో లేదు. ఉపాధ్యాయుడు కూర్చుని ఉంటాడు, చేతిలో తాళపత్రాల పుస్తకం, ఎదురుగా శిష్యులు. తీర్థంకరులు కాదు, దేవతలు కాదు, చదువు చెప్పే మునులు. గుడిమీద పాఠానికి అంత చోటు ఇచ్చిన ఊళ్లు నేను ఎక్కువ చూడలేదు. నాకు చాలా ఇష్టమైన బొమ్మలు అవి. మళ్లీ వెళ్లినప్పుడు వెతుక్కుని చూడు.

‘మన తెలుగువాళ్లకి ఈ జైన గుళ్లతో ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే?’ అని నీ ఉత్తరం చివర భయపడ్డావు. భయం వద్దు. నీ కరీంనగర్ పక్కనే, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు అక్కడ బండమీద చక్రేశ్వరినీ తీర్థంకరులనూ చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో శాసనం వేయించాడు. వేములవాడ చాళుక్యుల కాలం, 10వ శతాబ్దం. మన భాషలో దొరికిన అతి పాత కందపద్యాల్లో కొన్ని ఆ బండమీదే ఉన్నాయి. అదే చక్రేశ్వరి దేవ్‌గఢ్‌లోనూ ఉంది, మొదటి తీర్థంకరుడి యక్షిణి కదా. నీ ఇంటినుంచి బస్సులో పోయి వచ్చేంత దూరంలో ఉన్న ఆమెను ముందు చూసి ఉంటే, బేత్వా ఒడ్డున ఆమె చుట్టంలా కనబడేది.

వ్యాసం తిరగరాయి. శనగల మూట ఉండనీ. తొందరేమీ లేదు, ఈ లోపు ఎక్కడికీ పంపకు. వచ్చే నెల రెండో ఆదివారం నేను కరీంనగర్ వస్తున్నాను. పొద్దున్నే ఆరింటికల్లా బస్టాండుకి వచ్చెయ్, బొమ్మలగుట్టకి వెళ్దాం. అక్షరాలు పక్కనుంచి ఎండ పడితేనే తేలతాయి కనుక ఎండెక్కకముందే చేరాలి. నోటుబుక్కు తెచ్చుకో, ఫోన్ సంచిలో పెట్టుకో. టిఫిన్ నేను కట్టించుకొస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దమ్మ