పటిక పెంచినకొద్దీ గని నీటికి మసకెందుకు?

ప్రశ్న: బొగ్గు గని నుంచి తోడిన నీళ్లలో పటిక వేస్తున్నాం. మొదట్లో తేటపడేవి. ఇప్పుడు ఎంత వేస్తే అంత మసక. కారణమేమిటి?

జవాబు: ముందు మోతాదు పెంచడం ఆపండి. బొగ్గు నలుసుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని తీసేస్తే నలుసులు ఒకదానికొకటి అంటుకుని తునకలు కడతాయి. మితిమీరితే నలుసులకు ధనావేశం వచ్చి మళ్లీ విడిపోతాయి. పైగా ప్రతి మిల్లీగ్రాము పటికా దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) తినేస్తుంది, దాంతో నీళ్లు ఆమ్లం వైపు జారతాయి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 కన్నా దిగిందా, సున్నపు తేట కలపండి.

సరైన మోతాదు జార్ పరీక్షే చెప్పాలి. లీటరు మంచినీటిలో 10 గ్రాముల పటిక కరిగించండి. లీటరేసి గని నీళ్లు పోసిన ఆరు జాడీల్లో ఆ ద్రావణం 1 నుంచి 6 మి.లీ. వరకు వేయండి (మి.లీ.కి 10 మిల్లీగ్రాములు). నిమిషం జోరుగా, 15 నిమిషాలు నెమ్మదిగా కలిపి, అరగంట కదపకండి. దూదిపింజల్లాంటి నల్లటి తునకలు అడుగుకు దిగి, పైన తేట నిలిచిన జాడీల్లో తక్కువ పటిక పట్టినదే మీ మోతాదు. కట్టిన తునకల్ని పంపుతో తోడకండి, చితికిపోతాయి.