రూఫు మార్చడానికి ఎంతవుతుంది అని అడిగే ముందు

తమ్ముడూ, మీ ఇంటి కప్పు మార్చడానికి ముగ్గురు రూఫర్లు ఎస్టిమేట్లు ఇస్తే చిన్నదానికీ పెద్దదానికీ దాదాపు రెట్టింపు తేడా ఉందనీ, వీళ్లలో దొంగ ఎవరో చెప్పమనీ అడిగావు. ముగ్గురూ మంచివాళ్లే అయ్యుండొచ్చు. ఒకే ఇంటికి మూడు రకాల పనులకు ధర కట్టి ఉంటారు. నువ్వు అట్టడుగున ఉన్న మొత్తం చూసి, దాన్ని రూపాయల్లోకి మార్చి, గుండె పట్టుకుని కూర్చున్నావు. అమెరికాలో మొదటి ఇల్లు కొన్న మనవాళ్లంతా చేసే పనే. నేనూ చేశాను, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నాను.

మీ వాట్సాప్ గ్రూపులో "మాకింతే అయింది" అని నలుగురు చెప్పారట. ఆ అంకెలు పక్కన పెట్టు. వాళ్ల రూఫు ఎంత పెద్దది, వాలు ఎంత, పాత పొరలు ఎన్ని, ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చింది, ఇవేవీ లేకుండా ఒట్టి మొత్తం చెబితే నీకు ఒరిగేదేమీ లేదు. పైగా మనవాళ్లకు తక్కువలో చేయించుకున్నామని చెప్పుకోవడం మహా ఇష్టం. తరవాత కట్టిన ఎక్స్‌ట్రాల సంగతి గ్రూపులో ఎవరూ రాయరు.

ముందు నీ రూఫు కొలత నువ్వే తేల్చుకో. మా మొదటి ఇంటికి నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, కొన్నప్పటి కాగితాల్లో ఉన్న ఇంటి విస్తీర్ణమే రూఫు విస్తీర్ణం అనుకున్నాను. ఆ అంకె పట్టుకుని ఫోన్లలో రేట్లు అడిగాను. మాది రెండంతస్తుల ఇల్లు. కిందా పైనా నేల కలిపి చెప్పిన అంకెకీ నెత్తిమీద కప్పుకీ ఏమిటి సంబంధం? రెండంతస్తులూ కలిపి ఎక్కువే పట్టుకున్నాను, ఇంకోపక్క కలపాల్సింది వదిలేశాను. గరాజ్ ఆ అంకెలో లేదు, దాని మీద మాత్రం రూఫు ఉంది. ఫోన్లో మాట్లాడినాయన నేను చెప్పిన అంకెనే శుభ్రంగా రాసుకున్నాడు. ఎక్కువ పని ఉందని ఇంటావిడే చెబుతుంటే కాదనడానికి ఆయనకేం పట్టింది!

లెక్క ఇలా కట్టు. గరాజ్‌తో కలిపి నీ ఇల్లు నేలమీద 50 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అనుకో. చూరు అన్ని వైపులా ఒక్కో అడుగు బయటికి వస్తుందనుకుంటే 52, 32. అంటే 1,664 చదరపు అడుగులు. ఇది పైనుంచి చూస్తే కనబడే కొలత మాత్రమే. గూగుల్ ఎర్త్‌లో గీత గీసి కొలిచినా వచ్చేది ఇదే, దాన్ని చూసి మురిసిపోకు. వాలు కలిస్తే గానీ అసలు కొలత రాదు. అడ్డంగా 12 అంగుళాలు వెళ్లేసరికి ఎన్ని అంగుళాలు పైకి లేస్తుందో అదే ఇక్కడ వాలు లెక్క. 4 అంగుళాలు లేస్తే 1.054తో గుణించు, 6 అయితే 1.118, 8 అయితే 1.202, 12కి 12 లేస్తే 1.414. మన ఉదాహరణలో వాలు 8 అనుకుంటే 2,000 చదరపు అడుగులు వస్తుంది. వంద చదరపు అడుగులు ఒక స్క్వేర్ కాబట్టి రూఫర్ భాషలో నీది 20 స్క్వేర్ల రూఫు. కోతల్లో పోయే సరుక్కి, రెండు వైపులకే వాలిన సాదా రూఫుకైతే పది శాతం, నాలుగు వైపులా వాలి మధ్యలో వ్యాలీలు, అంటే రెండు వాలులు కలిసే పల్లాలు ఉన్నదానికైతే పదిహేను శాతం కలుపుకో. 22, 23 స్క్వేర్ల సరుకు పడుతుంది. మామూలుగా షింగిల్స్, అంటే రూఫు మీద వరసగా పరిచే తారు పలకలు, మూడు కట్టలు ఒక స్క్వేర్ అవుతాయి. అదే నేల మీద వాలు 4 అయితే రూఫు పదిహేడున్నర స్క్వేర్లే, 12 అయితే ఇరవై మూడున్నర.

వాలు కొలవడానికి రూఫెక్కనక్కర్లేదు, ఎక్కకు కూడా. అటిక్‌లోకి, అంటే రూఫు కింద ఉండే ఖాళీ జాగాలోకి వెళ్లి రసమట్టం ఒక కొసను వాసం అడుగున ఆనించి, బుడగ మధ్యకు వచ్చేలా పట్టుకుని, 12 అంగుళాల గీత దగ్గర్నుంచి నిట్టనిలువుగా వాసం దాకా టేపుతో కొలిస్తే చాలు. వాలు 7 దాటితే చాలామంది రూఫర్లు కూలి పెంచుతారు, ఎందుకంటే దాని మీద మామూలుగా నడవలేరు, తాళ్లు కట్టుకుని పని చేయాలి. ఇంజనీరింగ్ చదివొచ్చినవాడివి, ఈ మాత్రం గుణకారం నీకొక లెక్కా? అయినా మీ తరం పిల్లలు ఫోన్లో యాప్ ఉందా అని అడుగుతారు గానీ టేపు ముట్టుకోరు.

ఈ అంకె చేతిలో పెట్టుకుని ఎస్టిమేట్లు మళ్లీ చూడు. ఎవడు ఎన్ని స్క్వేర్లు రాశాడు? రాయనేలేదా? నీ లెక్క 20 అయితే ఒకడు 28 రాస్తే ఎక్కడ కొలిచావని అడిగే హక్కు నీకుంది. సరిగ్గా కొలిచినవాడు విసుక్కోకుండా చూపిస్తాడు.

ఇక నా డబ్బు పోయిన అసలు చోటుకి వస్తాను. అందరికంటే తక్కువ చెప్పినవాడికే పని ఇచ్చాను. ఆ కాగితంలో షింగిల్స్ కింద పరిచే ప్లైవుడ్ చెక్క దగ్గర "అవసరాన్ని బట్టి" అని ఒక్క ముక్క ఉంది. రేటు లేదు. నేనూ అడగలేదు, అవసరం ఏముంటుందిలే అనుకున్నాను. పని రోజున పాత షింగిల్స్ పీకాక చిమ్నీ చుట్టూ, చూరు వెంబడి అడుగు చెక్కంతా నల్లబడి మెత్తగా అయిపోయి ఉంది. మేస్త్రీ పిలిచి చూపించాడు, అబద్ధమేమీ కాదు, నా కళ్లతో చూశాను. అప్పుడు చెప్పాడు షీటుకింత అని. పొద్దున మా వీధి చివర బిల్డింగ్ సామాను షాపులో ఉన్న ధరకూ దానికీ పొంతన లేదు. ఇల్లు నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తోంది, సాయంత్రానికి వాన అన్నారు. ఆ సమయంలో బేరం ఏమాడతావు? ఆయన చెప్పినదానికల్లా తలూపాను. అన్నీ కలిపి చూస్తే నేను కాదనుకున్న మధ్య ఎస్టిమేట్‌ను దాటిపోయింది. ఆ మధ్యవాడి కాగితంలో మొదటి కొన్ని షీట్లు కలిపే ఉన్నాయి, ఆపైన షీటు రేటు కూడా రాసి ఉంది. అది చూసి "ఇదెందుకు రాశాడు, ఎక్కువ గుంజడానికే" అనుకున్నదాన్ని నేనే.

కాబట్టి షీటు రేటు, కూలితో సహా, సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి. ఒక షీటు 4 అడుగులు, 8 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. 20 స్క్వేర్ల రూఫు మొత్తానికి దాదాపు 63 షీట్లు. అన్నీ మార్చాల్సి రావడం అరుదు, కానీ ఆ రేటును 63తో గుణించి చూసుకుంటే అన్నిటికంటే ఎక్కువ ఎంత పోవచ్చో తెలుస్తుంది. అటిక్‌లో వాలు కొలవడానికి ఎలాగూ వెళ్తున్నావు కదా, టార్చి తీసుకెళ్లి చెక్క మీద మరకలు, తడి, మెత్తదనం ఎక్కడున్నాయో ఫోటోలు తీసుకో.

పాత పొరల సంగతి కూడా ముందే చూసుకో. షింగిల్స్ మీద షింగిల్స్ వేస్తే పీకే కూలి మిగులుతుందని ఎవడైనా అంటే వెంటనే లొంగిపోకు. రూఫు అంచు దగ్గర పొరలు లెక్కపెట్టమను. చాలాచోట్ల అమల్లో ఉన్న రెసిడెన్షియల్ కోడ్, అంటే ఇళ్లు కట్టే నియమాల ప్రకారం అప్పటికే రెండు పొరలు ఉంటే మూడోది వేయకూడదు, మొత్తం పీకాల్సిందే. మీ ఊరి నియమం, పర్మిట్, రూఫర్ లైసెన్సు సంగతి సిటీ ఆఫీసులో కనుక్కో, అవి నేను చెప్పేకంటే అక్కడే నయం. నాకు తెలిసింది డబ్బు సంగతి. ఒక పొర 20 స్క్వేర్ల షింగిల్సే సుమారు రెండు టన్నుల బరువు. రెండు పొరలుంటే పీకే కూలీ, ఆ చెత్త పడేసే పెద్ద డబ్బా (డంప్‌స్టర్) ఖర్చూ రెండూ పెరుగుతాయి. ఒక పొరే అనుకుని చెప్పిన ధర ఆ తరవాత నిలబడదు.

ఫ్లాషింగ్ (చిమ్నీ, గోడలు రూఫును కలిసేచోట నీళ్లు దిగకుండా వేసే రేకు), పైపుల చుట్టూ ఉండే రబ్బరు బూట్లు, చూరు అంచు రేకు, కొప్పు మీద గాలి పోయే వెంట్ ఇవన్నీ కొత్తవా, పాతవే మళ్లీ వాడతాడా అని ఒక్కోటి విడిగా రాయించు. చిమ్నీ ఫ్లాషింగ్ పాతదే ఉంచేసి ధర తగ్గించినవాడి రూఫు ఎక్కువసార్లు అక్కడే కారుతుంది. రంగుల గురించి నన్నడక్కు.

వడగళ్ల వాన పడితే మాత్రం జాగ్రత్త. మర్నాడే రూఫర్ల మనుషులు తలుపు తడతారు, "ఫ్రీగా చూస్తాం, ఇన్సూరెన్స్ అంతా కట్టేస్తుంది" అంటారు. నేను టాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టాను, పైకెక్కి చూడటానికి అనుమతి అనుకుని. తీరా చూస్తే అది ఇన్సూరెన్స్ ఒప్పుకున్న వెంటనే పని వాళ్లకే ఇవ్వాలన్న ఒప్పందం. ఇంటికొచ్చి అమ్మినవాటికి మామూలుగా మూడో పనిదినం అర్ధరాత్రి దాకా రద్దు చేసుకునే వీలు ఫెడరల్ నియమంలో ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. తెలిసేసరికి గడువు దాటింది.

ఇన్సూరెన్స్ అంటే రూఫు ఉచితం అనుకోకు. నీ పాలసీలో గాలివాన, వడగళ్ల డిడక్టిబుల్, అంటే ముందు నువ్వే భరించాల్సిన మొత్తం, ఇంటి కవరేజీలో శాతంగా ఉందేమో చూడు. 4,00,000 డాలర్ల కవరేజీ మీద 2 శాతం అంటే 8,000 నీ జేబులోంచే. "ఆ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అన్నవాడిని గడప తొక్కనివ్వకు. టెక్సాస్‌లోనైతే 2019 సెప్టెంబరు 1 నుంచి అలా మాఫీ చేయడం నేరం కూడా. తరవాత తరుగు, అంటే రూఫు పాతబడినందుకు ఇన్సూరెన్స్‌వాళ్లు తగ్గించేది. 100 డాలర్ల పనికి, రూఫు వయసు సగం అయిపోయిందనుకుంటే మొదటి చెక్కు లెక్క 50 నుంచి మొదలవుతుంది, అందులోంచి డిడక్టిబుల్ తీస్తారు. పూర్తి ఖరీదు ఇచ్చే పాలసీ అయితే మిగతా 50 పని అయ్యాక, బిల్లులు చూపించాక వస్తుంది, దానికీ గడువుంటుంది. తరుగు పోను మాత్రమే ఇచ్చే పాలసీ అయితే ఆ మిగతాది అసలు రాదు. ఇల్లు లోన్‌లో ఉంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉండొచ్చు, వాళ్ల సంతకం వచ్చేదాకా అది ఒట్టి కాగితం. ఇదేదీ తెలియక నేను రూఫర్‌కు క్రెడిట్ కార్డు గీకి, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చేలోపు వడ్డీ కట్టాను. ఆ వడ్డీ గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. మా ఆయన మర్చిపోయారు, నేను మర్చిపోలేదు.

నీ దగ్గర డబ్బు ఎంత ఉండాలంటావా? ఒప్పుకున్న మొత్తం, దాని మీద ఇంకో పదిహేను శాతం, బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఇండియాకు పంపాల్సింది, పిల్లల ఫీజు, కారు ఇన్‌స్టాల్‌మెంట్ పోను. అంత లేకపోతే కారే చోట మరమ్మతు చేయించి ఒక ఏడాది ఆగు. కారుతున్న చోటు చిన్నదైతే చాలాసార్లు అది సరిపోతుంది, కానీ కొత్త రూఫు అమ్మడానికి వచ్చినవాడు నీకా మాట చెప్పడు.

మొత్తం ముందే ఇవ్వకు. కొంత అడ్వాన్సు, సరుకు దిగాక కొంత, పూర్తయ్యాక మిగతాది. రూఫర్ షింగిల్స్ అమ్మినవాళ్లకు డబ్బు ఎగ్గొడితే వాళ్లు నీ ఇంటి మీద లీన్, అంటే బాకీ కోసం చట్టపరమైన హక్కు, వేసే ప్రమాదం ఉంది, నువ్వు పూర్తిగా కట్టేసినా సరే. అందుకని చివరి చెక్కుకు ముందు రూఫర్ దగ్గరా, సరుకు ఇచ్చినవాళ్ల దగ్గరా ఇక బాకీ లేదన్న కాగితం తీసుకో. ఆ చెక్కు ఇంకా నీ చేతిలో ఉండగానే పచ్చిక మీదా, డ్రైవ్‌వే మీదా అయస్కాంతం తిప్పించి మేకులు ఏరించు. టైర్లో దిగితే ఆ ఖర్చూ రూఫు ఖాతాలో రాసుకోవాల్సిందే, నేను రాసుకున్నాను.